ఓడలో కర్చీఫ్ వేసినవాళ్ళం

రేపల్లె నుంచి తెనాలి వచ్చే ప్యాసింజరు రైలు ఎన్నడూ ఎక్కనివాళ్ళకు ముందు ఒక సంగతి విడమరిచి చెప్పాలి. రైలు ఆగీ ఆగకముందే మావాళ్ళు ప్లాట్‌ఫారం మీద నుంచి కిటికీలోకి చెయ్యి దూర్చి సీటు మీద ఒక కర్చీఫ్ పడేస్తారు. ఇక ఆ సీటు వాళ్ళది. వేసిన మనిషి తీరిగ్గా టీ తాగి, రైలు కదిలేటప్పుడు ఎక్కినా సరే, ఆ సీట్లో ఇంకొకరు కూర్చోరు. కర్చీఫ్ లేకపోతే పేపరు, పేపరు లేకపోతే సంచి, ఏదీ లేకపోతే చెప్పు. దీనికి రాతకోతలేమీ లేవు. గొడవపడేవాళ్ళు కూడా ఎవరి కర్చీఫ్ ముందు పడిందనే గొడవపడతారు తప్ప, గుడ్డముక్క వేస్తే సీటు సొంతమెలా అవుతుందని ఎవరూ అడగరు.

ఈ విద్యలో రేపల్లె అన్నయ్యగారిని మించిన మనిషిని నేను చూడలేదు. ఆయన మాకు చుట్టమేమీ కాదు. మాకు తెనాలిలో, ఆయనకు రేపల్లెలో పురుగుమందుల కొట్లు. ఇద్దరూ ఒకే కంపెనీ సరుకు అమ్మేవాళ్ళు కాబట్టి మావారికీ ఆయనకీ స్నేహం. ఆయన భార్యను నేను వదినగారూ అని పిలిచేదాన్ని. ఆమె నూతి చప్టా మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. లోపల రాడ్డు వేశారు. అప్పటి నుంచి ఎక్కువసేపు నిలబడలేకపోయేది. కాలు చూపించుకోవడానికి తెనాలి డాక్టరు దగ్గరికి తరచూ వచ్చేది. మా పుట్టిల్లు రేపల్లే కావడంతో, అక్కడి నుంచి తెనాలి తిరిగి వచ్చేటప్పుడు చాలాసార్లు నేను వాళ్ళతోనే రైలెక్కేదాన్ని. అన్నయ్యగారు గళ్ళ కర్చీఫులు ఎప్పుడూ జేబు నిండా పెట్టుకుని ఉండేవాడు. ఎవరన్నా అడ్డం వస్తే, "మా ఆవిడకి కాలు బాలేదండి, ఆమెకోసం" అనేవాడు. ఎవరూ మారుమాట్లాడేవాళ్ళు కాదు.

రెండువేల సంవత్సరం దాటాక కంపెనీలు డీలర్లను విమానాలు ఎక్కించి ఊళ్ళు తిప్పే రోజులొచ్చాయి. ఒక ఏడు తెనాలి, బాపట్ల, రేపల్లె డీలర్లను భార్యలతో సహా సింగపూర్ తీసుకెళ్ళి, అక్కడి నుంచి ఒక పెద్ద ఓడ ఎక్కించారు. ఓడంటే నేను లాంచీకి అన్నగారు అనుకున్నాను. తీరా చూస్తే అది ఊరు. మా మెయిన్ రోడ్డుని నిలబెట్టినట్టు అంతస్తుల మీద అంతస్తులు, లోపలే కొట్లు, ఈత కొలను, నాటకాల హాలు. బాపట్ల వాళ్ళు, మేం పుట్టి పెరిగింది సూర్యలంక సముద్రం ఒడ్డునే కదా అని కాస్త బడాయి పోయారు. ఓడ కదిలాక ముందు వాంతులు చేసుకున్నదీ వాళ్ళే. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు కొంచెం హాయిగానే ఉంటుంది.

మిగిలినదేదీ హాయిగా తలుచుకునేది కాదు. మేం ముప్పై మందిమి ఒక్క గుంపుగా కదిలేవాళ్ళం. లిఫ్టు తెరుచుకుంటే, లోపలివాళ్ళు దిగకముందే ఎక్కేసేవాళ్ళం. పై అంతస్తు నుంచి ఒకాయన, "ఏమే, గోంగూర పచ్చడి సీసా ఏ సంచీలో పెట్టావు" అని కేకేస్తే, ఈత కొలను పక్కన పుస్తకాలు చదువుకుంటున్న ముసలి దొరలంతా తలెత్తి చూసేవాళ్ళు. ఆవిడ కింద నుంచి అంతకంటే గట్టిగా జవాబు చెప్పేది. భోజనాల దగ్గర మిగతావాళ్ళు ఒక్కో ముక్క తెచ్చుకుని, తిని, మళ్ళీ లేచి వెళ్ళేవాళ్ళు. మనవాళ్ళు మాత్రం పెళ్ళిలో ఆఖరి బంతిలో కూర్చున్నవాళ్ళలాగా ఒకేసారి ప్లేటు నిండా పెట్టుకుని సగం వదిలేసేవాళ్ళు. ఆ ప్లేట్లు తీసే పిల్ల నవ్వుతూనే తీసేది. ఆ నవ్వు చూసి నాకు సిగ్గుతో మెతుకు దిగేది కాదు.

మొదటి సాయంత్రం వదినగారూ నేనూ పై డెక్కు మీద రెయిలింగు పట్టుకుని నిలబడ్డాం. ఆమెకు గాలి నచ్చింది. ఆమె పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం తనంతట తనే అంది.

"ఈ నాలుగు రోజులూ ఎవరితో గొడవ లేకుండా గడిస్తే చాలమ్మాయ్. నా కాలు పేరు చెప్పి ఈయన ఎవర్నీ లేపకుండా ఉంటే నాకదే పెద్ద టూరు."

"ఇక్కడెవర్ని లేపుతారులెండి వదినా, ఇన్ని కుర్చీలున్నాయి" అన్నాను నేను.

"నీకు తెలవదు" అంది ఆమె.

మర్నాడు పొద్దున్నే నాకు తెలిసింది. టిఫిను చేసి పైకి వెళ్ళేసరికి ఈత కొలను చుట్టూ నీడలో ఉన్న వాలు కుర్చీల వరసంతా మాదే. ఒక్కో కుర్చీ మీద ఒక్కో గళ్ళ కర్చీఫ్, అవి చాలక తువ్వాలు, చున్నీ, మావారి బనియను. అన్నయ్యగారు తెల్లారకముందే లేచి పరిచి వచ్చాడట. మనవాళ్ళలో సగం మంది గదుల్లో పేకాడుతున్నారు. ఎండలో నిలబడ్డ జనం ఆ ఖాళీ కుర్చీల వంకా మా వంకా చూస్తున్నారు.

ఓడవాళ్ళు గదిలో పెట్టిన కాగితంలో ఈ విషయం స్పష్టంగా రాసి ఉంది. నాది డిగ్రీ కాబట్టి మా బ్యాచ్‌కి ఇంగ్లీషు చదివి చెప్పే పని నామీదే పడింది. తువ్వాళ్ళేసి కుర్చీలు ఆపకూడదనీ, మనిషి లేకుండా వదిలేసినవి తీసేస్తామనీ చదివి వినిపించాను. అన్నయ్యగారు శ్రద్ధగా విన్నాడు.

"తువ్వాళ్ళని రాశాడు గానీ, కర్చీఫులని రాశాడా అమ్మాయ్" అన్నాడు.

అందరూ పగలబడి నవ్వారు. వదినగారు నవ్వలేదు. కుర్చీలో కూర్చోకుండా గదికి వెళ్ళి పడుకుంది. కాలు నొప్పేమోనని ఆయన కంగారుపడి, మాత్ర వెతికి ఇచ్చి, మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమెకోసం ఇంకో రెండు సీట్లు ఎక్కువ ఆపాడు. మంచి మనిషి కాదని ఎలా అంటాను? ఆమె కాలి మీద ఆయనకున్న ధ్యాస మా ఇంట్లో నా తలనొప్పి మీద ఎవరికీ ఉండేది కాదు.

ఆఖరి సాయంత్రం నాటకాల హాల్లో పెద్ద డాన్సు ప్రోగ్రాం. ఎవరు ముందొస్తే వాళ్ళకి సీటు. వదినగారికి డాన్సంటే ప్రాణం. చిన్నప్పుడు రేపల్లెలో ఎక్కడ రికార్డింగ్ డాన్సు పెట్టినా ఇంట్లో చెప్పకుండా వెళ్ళి తన్నులు తినేదట. ఆ రోజు పట్టుచీర కట్టుకుంది. అన్నయ్యగారు భోజనానికి ముందే వెళ్ళి ముందు వరసలో నాలుగు కర్చీఫులు వేసి వచ్చాడు. "మనం నింపాదిగా తిని ఎళ్దాం" అన్నాడు. నింపాదిగానే తిన్నాం.

వెళ్ళేసరికి హాలు కిటకిటలాడుతోంది. గుమ్మం పక్క బల్ల మీద మా కర్చీఫులు నాలుగూ ఇస్త్రీ చేసినట్టు మడతపెట్టి ఉన్నాయి. అక్కడి పనిపిల్ల వాటిని మాకు రెండు చేతులతో అందించి, ఏదో మర్యాదగా చెప్పబోయింది. అన్నయ్యగారు ఒక కర్చీఫ్ లాక్కుని నేరుగా ముందు వరసకు నడిచాడు. మేం వెనకాలే వెళ్ళాం. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆగుదామన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

మా నాలుగు సీట్లలో రెండిట్లో ఒక ముసలి దొరా ఆయన భార్యా కూర్చున్నారు. మిగతా రెండూ ఖాళీగా ఉన్నాయి. అన్నయ్యగారు ఆ దొర మొహం ముందు కర్చీఫ్ ఆడించాడు.

"ఇయ్యి మాయండి. ఇందాకే కర్చీఫేసి ఎళ్ళాం. మా ఆవిడకి కాలు బాలేదు, నిలబడలేదు."

తెలుగులోనే, గట్టిగా. వెనక వరసలన్నీ సద్దుమణిగి మావైపు చూశాయి. ఆ ముసలాయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన కర్చీఫ్ వంక చూశాడు, తర్వాత వదినగారి నడక వంక చూశాడు. వెంటనే లేచాడు. లేచాక గానీ మాకు కనపడలేదు, ఆయన సీటుకి చేతికర్ర తగిలించి ఉంది. వదినగారు వద్దు వద్దని రెండు చేతులూ ఊపింది. ఆయన ఆమెకు వంగి చెయ్యి చూపించాడు. అన్నయ్యగారు ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టాడు. ముసలామె కూడా లేచింది. ఆ సీట్లో అన్నయ్యగారు, పక్క రెండిట్లో మావారూ నేనూ కూర్చున్నాం.

ఇంకెక్కడా ఖాళీ లేదు. ముసలామెకు ఎవరో వెనక చోటిచ్చారు. ఆయన పక్క గోడకు ఆనుకుని, రెండు చేతులూ కర్ర మీద పెట్టి నిలబడ్డాడు.

లైట్లు ఆరాయి, డాన్సు మొదలైంది. ఈకల కిరీటాలు, తళుకులు, ఎర్ర లైట్లు. నేనేమీ చూడలేదు. స్టేజీ మీద లైటు మారినప్పుడల్లా ఆ గోడ పక్క కర్ర వణకడం కనిపించేది. వెనక నుంచి గుసగుసలు వినిపించేవి. అవి ఏ భాషో తెలియకపోయినా మా గురించేనని తెలుస్తూనే ఉంది. ఊరి పేరు, కంపెనీ పేరు కంపెనీవాళ్ళు మా మెళ్ళో వేసిన అట్టల మీద వేలాడుతున్నాయి. నేను ఆ అట్టను కొంగు కింద దోపుకున్నాను. మావారు రెప్ప వెయ్యకుండా స్టేజీనే చూస్తున్నారు, పక్కకు చూస్తే ఎవరో నిలదీస్తారన్నట్టు. అన్నయ్యగారు మాత్రం భార్య వైపు వంగి, "బాగా కనపడతందా" అని అడిగాడు.

వదినగారు కళ్ళు మూసుకుని ఉంది. పట్టుచీర కట్టుకుని, ప్రాణమైన డాన్సు ఎదురుగా పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది.

సగంలో ఆమె లేచింది. ముందు వరసలో మనిషి లేచి నిలబడితే వెనక ఎంతమందికి అడ్డమో చెప్పక్కర్లేదు. సీట్ల వీపులు పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ గోడ దాకా వెళ్ళింది. ముసలాయనకు తన సీటు చూపించింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె మళ్ళీ చూపించింది. ఆయన మళ్ళీ ఊపాడు. దాంతో ఆమె కూడా ఆయన పక్కనే గోడకు ఆనుకుని నిలబడింది. నేను లేచి వెళ్ళి ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. ఆమె బరువంతా నా మీద పడింది.

కాసేపటికి అన్నయ్యగారు వచ్చాడు. ఆయన లేచాక పనిపిల్ల ముసలి జంటను తీసుకెళ్ళి ఆ రెండు సీట్లలో కూర్చోబెట్టింది. అది ఆయన చూడను కూడా లేదు.

"ఇదేంటి, నిలబడ్డావేంటి? ఎక్కువసేపు నిలబడగూడదని డాక్టరు చెప్పలా? నీకోసం గాదూ నేనింత..."

"బయటికి రండి" అంది వదినగారు.

బయట నడవాలో మెత్తటి కుర్చీలు వరసగా ఖాళీగా ఉన్నాయి. ఆమె కూర్చోలేదు. గోడ పట్టుకునే మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"ఇన్నేళ్ళ నుంచీ నాకోసమే నాకోసమే అంటన్నారు. నేనెప్పుడన్నా అడిగానా? కర్చీఫేసేది మీరు. మీరు జెండా పాతేసి టీ కొట్టుకాడికి పోతారు. లోపల నేనొక్కదాన్నే కూర్చోవాల. చంకలో పిల్లల్నేసుకున్నోళ్ళు, ముసలోళ్ళు, జొరంతో ఆస్పత్రికొచ్చేవాళ్ళు నా మీద పడతా నిలబడతారు. వాళ్ళు తిట్టుకునేది మిమ్మల్ని కాదు, నన్ను."

ఆమె నా వైపు తిరిగింది.

"రైల్లో నేనెప్పుడూ కిటికీలోంచి బయటికే చూస్తానని, నాకు పొలాలంటే ఇష్టమనుకుంటారు కదమ్మాయ్ మీరంతా. నిలబడ్డోళ్ళ మొహాలు చూళ్ళేక."

నేను తల దించుకున్నాను. ఆ ప్రయాణాల్లో ఎదురు సీట్లో కూర్చుని, వేమూరు దాటాక ఆ వరి ఎవరిదో, ఆ అరటితోట ఎవరిదో ఆమెకు చూపించి కబుర్లు చెప్పినదాన్ని నేనే. మా పక్కన ఎవరు నిలబడ్డారో, ఎంత తలుచుకున్నా నాకు ఒక్క మొహమూ గుర్తు రావడం లేదు.