హోబార్ట్ చివరి మెయిడెన్

1984 ఆగస్టులో ఒక ఆదివారం. పొద్దున్న ఏడూ నలభైకి మా ఊరు షాంపేన్ బస్ స్టేషన్‌లో ఇండియానాపోలిస్ బస్సెక్కాను. ముందురోజు ప్రసాద్ గారింటికి ఫోన్ చేసి, ఆదివారం భోజనానికి రాలేనని చెప్పాను. ఎందుకని అడిగితే ఇండియానాపోలిస్ వెళ్తున్నానన్నాను. "అక్కడ మనవాళ్లెవరున్నారండీ?" అన్నారు ఆయన భార్య వసుంధర గారు. ఈ దేశంలో తెలుగువాడు ఊరు కదిలితే మనవాళ్ల కోసమైనా కదలాలి, గుడి కోసమైనా కదలాలి. "ఒకాయనున్నాడు, చూసొస్తాను" అన్నాను. "ఏం చేస్తారాయన?" అని అడిగారు. బంతులు విసురుతాడని చెప్పడానికి నోరు రాలేదు. త్వరలో రిటైరవుతాడని మాత్రం చెప్పాను.

ఆయన పేరు డెల్ హోబార్ట్. బేస్‌బాల్ పిచర్. మన క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు. నేను 1972 వేసవిలో ఇక్కడి యూనివర్సిటీలో మట్టి పరీక్షల ల్యాబ్‌లో చేరాను. నా అద్దె గదిలో అంతకుముందున్నవాడు వదిలేసిన రేడియో ఒకటి ఉంది. మొదటివారంలో ఒకరోజు దాన్ని తిప్పితే, ఎవరో బంతి బంతికీ ఏం జరిగిందో చెబుతున్నాడు. గుంటూరులో కాలేజీ రోజుల్లో నాకు బ్యాట్ పట్టడం చేతకాక మూడేళ్లు క్రికెట్ స్కోరర్‌గా కూర్చున్నాను. ఆ చెయ్యి ఊరుకోలేదు. రూళ్ల నోటుబుక్కు తీసి, ఆట తెలియకుండానే స్కోరు రాయడం మొదలుపెట్టాను. బ్యాటర్ కొట్టలేకపోతే చుక్క. బంతి పక్కకి పోతే వైడ్. మైదానం మూలల్లో ఉండే బేసులు ఎన్ని దాటితే అన్ని పరుగులు. ఆరు బంతులకొక ఓవర్. ఆరుకి ఆరూ చుక్కలైతే మెయిడెన్.

బేస్‌బాల్‌లో ఓవర్లుండవని నాకు తర్వాత తెలిసింది. అప్పటికే రెండు నోటుబుక్కులు నిండాయి. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు, ఇక మార్చలేదు.

హోబార్ట్ పెద్ద లీగ్‌లోకి వచ్చింది కూడా ఆ వేసవిలోనే. ఇద్దరం ఒకే ఏడాది పుట్టాం. ఆయన గొప్పవాడేమీ కాదు. గెలిచిన ఆటలకంటే ఓడినవే ఎక్కువ. అయినా ఆయన ఆట ఉన్న సాయంత్రం నేను ఎక్కడికీ వెళ్లేవాణ్ణి కాను. వెళ్లడానికి చోట్లు ఎక్కువ ఉన్నాయని కాదు. ల్యాబ్‌లో నన్ను శామ్ అంటారు. బాగున్నావా అని అడుగుతారు, జవాబు వచ్చేలోపల దాటిపోతారు. పెళ్లి సంగతి ఇక్కడ అనవసరం. ఈ పన్నెండేళ్లలో నేను ఎక్కువ సాయంత్రాలు గడిపింది ఈ మనిషితోనే. ఆ సంగతి ఆయనకి తెలియదు.

1984 వసంతంలో పెద్ద జట్టువాళ్లు ఆయన్ని ఇండియానాపోలిస్‌లో ఉన్న చిన్న లీగ్ జట్టుకి పంపేశారు. ఆ రేడియో మా ఊరికి అందదు. అందుకే బయల్దేరాను. ఒక్కసారి ఆయన్ని కళ్లతో చూడాలి. మెయిడెన్ పడితే మన పద్ధతిలో చప్పట్లు కొట్టాలి. అంతకుమించి పనేమీ లేదు.

నాకు కారుంది. కానీ హైవే మీద మూడు గంటలు ఒక్కణ్ణీ డ్రైవ్ చెయ్యడం నాకు ఇష్టముండదు. బస్సులో అయితే పక్కన ఎవరో ఒకరు కూర్చుంటారు. డాన్‌విల్‌లో ఒక పెద్దావిడ ఒళ్లో కేకు డబ్బా పెట్టుకుని కూర్చుంది. మనవరాలి పుట్టినరోజట. "మీదే ఊరు?" అంది. చెప్పాను. "అబ్బో, చాలా దూరం" అని, డబ్బా మీద చేతులు వేసుకుని నిద్రపోయింది. క్రాఫర్డ్స్‌విల్‌లో పది నిమిషాలు ఆపాడు. కాఫీ ఫరవాలేదు.

అటు వెళ్లేవారికి ఒక మాట. ఇండియానా రాష్ట్రం మా ఊరికంటే ఒక గంట ముందని విని నేను రాష్ట్రం దాటగానే గడియారం ముందుకి తిప్పుకున్నాను. దిగాక చూస్తే స్టేషన్ గోడ మీద పదిన్నర, నా చేతికి పదకొండున్నర. "వేసవిలో మీరు గడియారం గంట ముందుకి తిప్పుకుంటారు, మేము తిప్పం సార్, మీరూ మేమూ ఒకటే" అన్నాడు టికెట్ కిటికీలో మనిషి. అలా నాకొక గంట మిగిలింది. ఒంటరివాడికి మిగిలిన గంట ఎంత పొడుగ్గా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

సిటీ బస్సు పదహారో వీధిలో దింపింది. ఇటుకల స్టేడియం, గోడ నిండా తీగ పాకి ఉంది. గేటు ఒంటిగంటకి గానీ తియ్యరు. వెనకవైపు బెంచీ మీద కూర్చుని డబ్బాలో పులిహోర తిన్నాను. ఎవరైనా చూస్తారేమోనని త్వరత్వరగా తిన్నాను. తీరా చూస్తే చూసేవాళ్లే లేరు.

టికెట్ మూడు డాలర్లు. మూడో బేస్ వెనక ఏడో వరసలో కూర్చున్నాను. నా పక్కన భార్యాభర్తలు. ఎర్ల్ రిటైరైన పోస్ట్‌మన్, ఆయన భార్య నోర్మా. ఆవిడ ఒళ్లో స్కోరు కార్డు, చేతిలో పెన్సిల్. వాళ్లకి అవతల పాత స్నేహితులు ఇద్దరు. ఆట మొదలు కాకముందే వాళ్లు ఇంకో ఆట ఆడుతున్నారు.

"మెర్ల్ పికెట్" అన్నాడు ఎర్ల్.

"వాళ్లమ్మ ప్రతి ఆటకీ వచ్చి ముందు వరసలో స్వెట్టర్ అల్లుకునేది" అన్నాడు చివరి ఆయన. అందరూ తలూపారు.

"లూ వాండర్‌మీల్" అంది నోర్మా.

"ఒక్క ఆటే ఆడాడు. అదీ వానకి రద్దయింది" అన్నాడు ఎర్ల్.

నేను చూస్తున్నానని నోర్మా గమనించింది. "ఎవరికీ గుర్తుండని ఆటగాళ్లు వీళ్లంతా. ఒకళ్లు పేరు చెప్పాలి. మిగతావాళ్లలో ఒక్కరైనా వాడి గురించి ఒక్క సంగతి చెప్పగలిగితే, వాడు ఇంకా ఆటలో ఉన్నట్టే" అంది.

"చెప్పలేకపోతే?" అన్నాను.

"ఏమీ అనం. ఇంకో పేరుకి వెళ్తాం."

రెండింటికి హోబార్ట్ వచ్చాడు. రేడియోలో విన్నదానికంటే పొట్టిగా ఉన్నాడు, కొంచెం బొజ్జ. ప్రతి బంతికీ ముందు అరచెయ్యి తొడకి తుడుచుకుంటాడు. పన్నెండేళ్లలో ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

"ఇవాళ కూడా చితక్కొట్టించుకున్నాడంటే రేపు సామాను సర్దుకోవాల్సిందే. పేపర్లోనే రాశారు" అన్నాడు ఎర్ల్.

చితక్కొట్టించుకున్నాడు. మొదటి ఇన్నింగ్స్‌లోనే మూడు పరుగులు, ఈ ఆటలో అది చాలా ఎక్కువ. మూడో ఇన్నింగ్స్‌లో ఇంకో మూడు. "ఆ చెయ్యి అయిపోయింది. వచ్చే ఏడు ఇతని పేరూ మన ఆటలోకి వస్తుంది" అన్నాడు చివరి ఆయన. ఎర్ల్ నవ్వలేదు. నేను ఒళ్లో ఉన్న నోటుబుక్కు మీదికి వంగాను.

నాలుగో ఇన్నింగ్స్ మొదట్లో ఒక చుక్క పెట్టాను. తర్వాత ఇంకొకటి. మూడు, నాలుగు, అయిదు. ఆరో బంతికి బ్యాటర్ గాల్లో తిప్పేసి తలొంచుకుని వెళ్లిపోయాడు. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను.

జట్టు ఆరు పరుగులు వెనకబడి ఉంది. స్టేడియం మొత్తంలో చప్పట్లు నావే. హోబార్ట్ తల తిప్పి మావైపు చూశాడు. వేళాకోళం చేస్తున్నాననుకున్నాడేమో. కూర్చున్నాను, చెవులు కాలిపోతున్నాయి.

"ఏం జరిగింది?" అంది నోర్మా. చెప్పాను. నోటుబుక్కు అడిగి తీసుకుని పేజీలు తిప్పింది. "ఇన్నేళ్లూ ఇతనివే రాశారా?"

"రేడియోలో వచ్చినంతవరకు. మెయిడెన్లు ముప్ఫయ్యేడు. ఇది ముప్ఫయ్యెనిమిదోది."

"నలభయ్యేళ్లుగా చూస్తున్నానయ్యా ఈ ఆట. ఇలాంటిదొకటి ఉందని తెలీదే" అన్నాడు ఎర్ల్.

"లేదండీ. నేనే పెట్టుకున్నాను."

తర్వాతి ఓవర్లో రెండు పెద్ద దెబ్బలు తగిలాయి. మేనేజర్ మెల్లగా నడుచుకుంటూ వచ్చి బంతి అడిగి తీసుకున్నాడు. కొందరు గోల చేశారు. హోబార్ట్ వెనక్కి నడుస్తుంటే నోర్మా కార్డు కుర్చీ మీద పెట్టి లేచింది. ఎర్ల్ లేచాడు. అవతలివాళ్లు, నేను, మొత్తం అయిదుగురం చప్పట్లు కొట్టాం. ఆయన తలెత్తలేదు. చేతిలో బంతి లేకపోయినా ఒకసారి అరచెయ్యి తొడకి తుడుచుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఆట నాలుగున్నరకి అయిపోయింది. "మీ పేరు?" అంది నోర్మా. శామ్ అన్నాను. "అది కాదు, అసలు పేరు" అంది. సుబ్రహ్మణ్యం అని చెబితే, ఒక్కొక్క అక్షరమే అడిగి కార్డు అంచున రాసుకుంది. పలకడానికి రెండుసార్లు ప్రయత్నించి ఆగిపోయింది. "ఇంటికెళ్లి నేర్చుకుంటాను. మా ఆటలోకి మీ పేరు కూడా రావాలిగా" అంది.

"నా గురించి చెప్పడానికి ఒక్క సంగతి ఉండొద్దూ?" అన్నాను నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు. "మాకుంది" అంది.

ఆరు గంటల బస్సులో పక్కసీటు ఖాళీ. కిటికీ అవతల మైళ్లకి మైళ్లు మొక్కజొన్న చేలు. నోటుబుక్కు తీసి లెక్క పూర్తిచేశాను. పన్నెండు ఓవర్లు, ఒక మెయిడెన్. అది ఆయన చివరి ఆట. వారం తిరక్కుండానే తీసేశారు, పేపర్లో రెండు లైన్లు వేశారు. డాన్‌విల్ దగ్గర నోటుబుక్కు మూశాను. ఆ తర్వాత నేను మళ్లీ స్కోరు రాయలేదు.

ఇది జరిగి నాలుగేళ్లయింది. ఆ స్టేడియం మూడు గంటల దూరమే. బస్సులూ ఉన్నాయి. నేను వెళ్లలేదు. భయం, ఇంకేమీ కాదు. మీలో ఎవరైనా అటు వెళ్తే, వేసవిలో గడియారం ముట్టుకోకండి. మూడో బేస్ వెనక ఏడో వరసలో కూర్చోండి. ఎవరైనా హోబార్ట్ పేరు ఎత్తితే, అరచెయ్యి తొడకి తుడుచుకునేవాడని చెప్పండి. తర్వాత మీ వంతు వచ్చినప్పుడు నా పేరు చెప్పి, కాసేపు ఆగండి. నోర్మా ఏమందో నాకొక కార్డు ముక్క రాసిపడేయండి. ఏమీ అనకుండా ఇంకో పేరుకి వెళ్లిపోతే మాత్రం రాయకండి.