బావి నీళ్ల ఎరుపు

మా మేనత్త కొడుకును విలాయత్‌లో అబద్ధాలకోరన్నారు. ఇన్నేళ్లయినా ఆ మాట నాకు మింగుడుపడదు.

వాడు గద్వాలలో నూలుకు రంగులద్దే ఇంట్లో పుట్టాడు. కొత్త గుడ్డ ఏది కనిపించినా బొటనవేలు తడిపి అంచు రుద్ది, రంగు దిగిందేమోనని వేలు చూసుకునేవాడు. నా పెళ్లిపందిట్లో నా పంచె అంచునూ వదల్లేదు. "పెండ్లికొడుకును గిట్ల రుద్దుతార్రా?" అంటే, "దిగలే బావా, ఇగ తాళి కట్టు" అన్నాడు.

యుద్ధం రాబోయే రోజుల్లో పైచదువుకు వెళ్లి, అక్కడ రంగుల మీద పరిశోధన చేసే బృందంలో చేరాడు. చిరివేరుతో అద్దే మా ఎరుపు ఎన్ని ఉతుకులకైనా నిలుస్తుందని వాళ్లకు చెప్పాడు. ఇక్కడినుంచి పట్టుకెళ్లిన వేరుతోనే అద్ది చూపిస్తే ఒక్క ఉతుకుకే దిగిపోయింది.

"ఇంకొక్కసారే చూస్తరంట. గప్పుడూ దిగితే నన్ను పంపించేస్తరు. తప్పేందో తెల్వదు బావా" అని ఉత్తరం రాశాడు.

వేరూ అదే, చెయ్యీ అదే. మారింది నీళ్లే! గోడల మీది రాతలు చూసి అక్షరాలు నేర్చుకున్న నాకు తట్టింది, అంత చదివినవాళ్లకు తట్టలేదు. మేం రంగులద్దడానికి వాడే ఉప్పుబావి నీళ్లు కాగులకొద్దీ మరిగించి, అడుగున మిగిలిన తెల్లటి పెచ్చు గీకి, అక్కడి నీళ్లలో కలిపి అద్దమని రాసి టపాలో పంపాను. అప్పటికే యుద్ధం మొదలైంది, ఓడలు నడుస్తాయో లేదో తెలియదు. రోజూ టపా ఆఫీసు ముందు నిలబడ్డాను. మేనత్తకు అన్నం సయించలేదు.

చివరికి జవాబొచ్చింది:

"పొట్లం అందింది బావా. ఎరుపు నిలిచింది. అందరూ వేళ్లు తడిపి రుద్ది చూసిన్రు. నన్ను అబద్ధాలకోరన్న పెద్దసారు ఒక్కడే జేబుల్నుంచి చెయ్యి తియ్యలే."