అర్మస్ దుకాణంలో కునుకు

"మళ్లీ చెయ్యి ఉలిక్కిపడితే?"

సైలా ఈ మాట పైకే అంది. వినడానికి కారులో ఉన్నది తొమ్మిది నెలల కూతురు ఇల్మి ఒక్కతే. ఇల్మి జవాబుగా తన మేజోడు పీకి నోట్లో పెట్టుకుంది.

శనివారం ఈ ఏటి ఆఖరి గురి పరీక్ష. డెబ్బై అయిదు మీటర్ల దూరాన దుప్పి బొమ్మ, దాని గుండె మీద పళ్లెమంత వలయం, అందులో నాలుగు తుపాకీ గుళ్లు పడాలి. సైలా వేసవిలో రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే దుప్పి వేట జట్టులో చోటు పోయినట్టే. ఆ చోటు కోసం ఆరేళ్లు వేటకుక్కల వెంట బురదలో పరిగెత్తింది. బడిలో భౌతికశాస్త్రం చెప్పే మనిషి కాబట్టి తప్పెక్కడుందో లెక్కకట్టి తేల్చేసింది. ట్రిగ్గర్ బిగువు. బిగువు కాబట్టి బలం పెట్టాలి. బలం పెడితే చెయ్యి కదులుతుంది. ఇక ట్రిగ్గర్ వదులు చేయించడమే మిగిలింది.

అందుకు సరస్సు అవతల తుపాకులు బాగుచేసే అర్మస్ తొల్వానెన్ దగ్గరికే పోవాలి. డెబ్బై నాలుగేళ్ల అర్మస్‌ది ఒకటే పట్టు. తుపాకీ తెచ్చిన మనిషి ఆయన దుకాణంలో ఒక కునుకు తియ్యాల్సిందే. అంతవరకూ ట్రిగ్గర్ మర మీద చెయ్యి వెయ్యడు.

"మెలకువగా ఉన్న వేలు అబద్ధాలాడుతుంది. నిద్రపోయే వేలిని చూస్తేగానీ దాని అసలు బరువు తెలీదు" అనేవాడు, మరలు తిప్పే పనిముట్టును వైద్యుడిలా పైకెత్తి పట్టుకుని.

పొయ్యి పక్కన ఆకుపచ్చ సోఫా ఒకటి ఉండేది. దాని మీద ఈ కైనూ అడవుల్లో సగం జనాభా గురకపెట్టి ఉంటుంది. ఓసారి పెళ్లి జరిపించవలసిన పాస్టరుగారు పొద్దున్నే తుపాకీతో వెళ్లి మధ్యాహ్నమైనా రాలేదు. వెతుక్కుంటూ వెళ్లిన పెళ్లికొడుకు, ఆయన్ని లేపడం మర్యాద కాదని పక్కన కూర్చున్నాడు. కూర్చుని తనూ నిద్రపోయాడు. చివరికి పెళ్లికూతురే వచ్చి ఇద్దర్నీ లేపుకుని వెళ్లింది. ఆ సంసారం ఇప్పటికీ అలాగే నడుస్తోందని చెప్పుకుంటారు.

వేటజట్టు పెద్ద తౌనో మాత్రం తానెప్పుడూ అక్కడ నిద్రపోలేదని ఒట్టేసేవాడు.

"కళ్లు మూసుకుని ఆలోచించానంతే."

"మూడు గంటలా?" అనేవాడు అర్మస్.

"పెద్ద విషయం."

"గురక వినిపించిందే?"

"లోతుగా ఆలోచిస్తే వస్తుంది."

సైలా ఈ కథలన్నీ విని తయారై వచ్చింది. ఒక చంకలో పాప, రెండో భుజాన తుపాకీ, కోటు జేబులో బడి ప్రయోగశాల నుంచి తెచ్చిన స్ప్రింగు త్రాసు. బల్ల దగ్గర నిలబడి, కొక్కెం తగిలించి తూచి చూపించింది.

"పన్నెండు వందల గ్రాములు. నాకు ఎనిమిది వందలు చాలు."

అర్మస్ త్రాసు వంక ముచ్చటగా చూశాడు. "బాగుంది. పడుకో."

"నాకు పగలు నిద్ర రాదు."

"ఎవరికీ రాదు."

"పాప ఉంది అర్మస్!"

"పాపకి తుపాకీ లేదుగా. మెలకువగా ఉండొచ్చు."

"ఇది శాస్త్రం కాదు. నిద్రపోయే వేలికి బరువేమిటి? మీరు దాన్ని దేంతో కొలుస్తారు?"

"కొలిచేటప్పుడు నువ్వు నిద్రలో ఉంటావు, నీకెలా చెప్పను?"

ఇల్మి అప్పటికే ముసలాయన గడ్డం పట్టుకుని వేలాడుతోంది. సైలా ఊరికే, వాదనలో ఓ అడుగు వెనక్కి వేసినట్టుగా, సోఫా అంచున కూర్చుంది. పొయ్యిలో బిర్చి కట్టె మెత్తగా చిటపటమంది. కాఫీ వాసనా నూనె వాసనా కలిసి ఏదో పాతకాలపు దుప్పటిలా మీద వాలాయి. కిటికీ అవతల సరస్సు మీద మంచు, పాలలో నీళ్లు కలిపినట్టు పలచబడుతోంది. ఆ మంచులోంచి ఒక దుప్పి నడిచి వచ్చి, దుకాణం గుమ్మంలో కాళ్లు తుడుచుకుని, "ఎన్ని గ్రాములు?" అని అడిగింది. సైలా చెప్పబోయింది. అంకె గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడం ఎంత హాయిగా ఉందంటే, దుప్పికి కూడా నవ్వొచ్చింది.

కళ్లు తెరిచేసరికి ఎండ ఈ గోడ నుంచి ఆ గోడకి మారిపోయింది. తన మీద ఉన్ని కంబళి. తుపాకులన్నీ ఇనప బీరువాలో, బీరువాకి తాళం. అర్మస్ కుర్చీలో ఊగుతూ, ఒళ్లో ఉన్న ఇల్మికి విడిభాగాల జాబితా చదివి వినిపిస్తున్నాడు.

"ఏడో నంబరు స్ప్రింగు. స్వీడన్‌ది. చాలా నమ్మకస్తురాలు, కానీ జోకు వేస్తే నవ్వదు."

ఇల్మి యాలకుల రొట్టె ముక్క చప్పరిస్తూ పకపకా నవ్వింది.

"ఎంతసేపైంది?" సైలా గబుక్కున లేచింది.

"నాలుగు గంటలు. నీ తుపాకీ తయారు."

సైలా బీరువా తీయించి, త్రాసు తగిలించి లాగింది. మళ్లీ లాగింది. మూడోసారి కళ్లజోడు తుడుచుకుని లాగింది.

"పదిహేను వందలు! తగ్గించమంటే పెంచారా?"

"పెంచాను."

"శనివారం పరీక్ష! జట్టులో నా చోటు పోతుంది!"

"నీ వేలు పిల్ల ఏడవకముందే లేచి కూర్చునే వేలు. తేలికపాటి ట్రిగ్గర్ ఇస్తే నువ్వు గురి చూసేలోపే అది నొక్కేస్తుంది. కాస్త బరువుంటే ట్రిగ్గరే 'ఆగు తల్లీ' అంటుంది."

సైలాకి కోపం సగంలో ఆగింది. ఈ మాటలో లెక్క తప్పలేదు. "అంటే నా నిద్రపోయే వేలిని నిజంగానే కొలిచారా?"

అర్మస్ పాప చేతికి అంటిన రొట్టె దులుపుతూ గొణిగాడు. "దాని వంకే చూడలేదు. మర తిప్పడానికి మూడు నిమిషాలు పట్టింది."

"మరి మిగతా నాలుగు గంటలు?"

"నువ్వు అలిసిపోయావు." ఆయన కాఫీ పోశాడు. "ఈ చుట్టుపక్కల 'నేను అలిసిపోయాను' అన్న మనిషిని ఎప్పుడైనా చూశావా? చచ్చినా అనరు. ట్రిగ్గర్ బిగుసుకుపోయిందంటారు. ముప్ఫై ఏళ్లుగా సెప్టెంబరు రాగానే ట్రిగ్గర్లన్నిటికీ ఒకటే జబ్బు. నేనేం చెయ్యను? వైద్యం చేస్తున్నాను."

"తౌనోకి కూడానా?"

"వాడిక్కడ పడుకున్న ఏడాది వాళ్లావిడ కాలు విరిగి మంచంలో ఉంటే, రాత్రీ పగలూ వాడే చూసుకున్నాడు. వాడికి మాత్రం చెప్పకు. ఆలోచించాననే అనుకోనీ."

సైలా కాఫీ తాగింది. త్రాసు జేబులో పెట్టేసుకుంది. గుమ్మం దగ్గర అర్మస్ ఇంకో మాట చెప్పాడు.

శనివారం మొదటి గుండు వేయబోతుండగా వేలు పాత అలవాటున ఎగిరింది. ట్రిగ్గర్ కదల్లేదు, 'ఆగు తల్లీ' అంది. సైలా తుపాకీ దించి, అందరి ముందూ నోరంతా తెరిచి ఆవులించింది. పరీక్షాధికారి ఆవులించాడు. వెనక నిలబడ్డ తౌనో, "ఇదేం పద్ధతి" అనబోయి మధ్యలో ఆవులించాడు. వరుసలో ఉన్నవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు నోళ్లు తెరిచారు. ఆ నిశ్శబ్దంలో సైలా నాలుగు గుళ్లూ వలయంలో వేసింది.

ఇప్పుడు ఇల్మి రెండుసార్లు తుమ్మితే సైలా వేలు ఫోనులో డాక్టరు నంబరు మీదికి ఉరుకుతుంది. వెంటనే ఫోను దించుతుంది, తీరిగ్గా ఆవులిస్తుంది. తల్లిని చూసి ఇల్మి కూడా ఆవులిస్తుంది, ఒక్కోసారి తుమ్మడం మరిచిపోతుంది. అర్మస్ గుమ్మం దగ్గర చెప్పింది ఇదే:

"వేలు తొందరపడిందంటే మనిషి అలిసిపోయినట్టు లెక్క. దించు. ఒక ఆవులింత రానీ. అది పూర్తయ్యాక కూడా నొక్కాలనిపిస్తే, అప్పుడు నొక్కమ్మా."