పిన్నికని కొన్న కిటికీ సీటు

కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేసిన మా పిన్ని ఈ రోజు శాశ్వతంగా రాజోలు వచ్చేసింది. ఇన్నేళ్ళూ విమానంలో ఏజెంటు ఇచ్చిందే సీటు. అందుకే హైదరాబాద్ నుంచి రాజమండ్రి విమానంలో, గోదావరి కనిపించే కిటికీ సీటు నేనే చూసి కొన్నాను.

మేమిద్దరం ఎక్కేసరికి అందులో పక్క సీటాయన కూర్చుని ఉన్నాడు. లేవమంటే, “గంట ప్రయాణానికి ఎక్కడైతే ఏంటండీ?” అన్నాడు. నేను గొడవకి దిగబోతే పిన్ని చెయ్యి పట్టుకుని ఆపి, మధ్య సీట్లో కూర్చుంది.

గోదావరి రాగానే ఆయన కిటికీకి అతుక్కుపోయి వీడియో తీసుకున్నాడు. పిన్నికి ఆయన మెడ తప్ప ఏమీ కనబడలేదు.

దిగేటప్పుడు, “నంబరివ్వండి, వీడియో పంపుతాను” అన్నాడు.

“ఆయ్, పంపండి. అందులోనైనా మీ తలకాయ అడ్డం లేకపోతే చాలండి” అంది పిన్ని.

నాకింకా ఒళ్ళు మండుతూనే ఉంది. మీరైతే వాణ్ణి లేపకుండా ఊరుకునేవారా?