దీవి కథ చెప్పిన మా టీచరమ్మ

మొన్న మంగళవారం పొద్దున, రొయ్యపిల్లలను పుట్టించే మా హేచరీలో తల్లి రొయ్యలకు మేత వేస్తుండగా విడవలూరు నుంచి ఫోను వచ్చింది. మా ఇంగ్లీషు టీచరమ్మ చనిపోయారు. చేతులు కడుక్కుని, ఓనరుకు చెప్పి బయలుదేరాను. సమాధి దగ్గర పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే చుట్టూ చూశాను. ఈ తీరంలోని హేచరీల్లో పనిచేసేవాళ్లు చాలామంది వచ్చారు. వాళ్లలో ఎక్కువమందికి ఆమె ఎప్పుడూ పాఠం చెప్పలేదు. మరి ఎందుకు వచ్చారో చెబుదామనే ఇది రాస్తున్నాను.

మా తొమ్మిదో తరగతిలో శుక్రవారం ఆఖరి పీరియడ్ ఆమెది. పాఠ్యపుస్తకం మూసేసి, అట్ట ఊడిన ఒక పాత ఇంగ్లీషు నవల తీసేవారు. వాక్యం కింద వేలు పెట్టి చదివి, అదే వాక్యాన్ని మా నెల్లూరు మాటల్లో చెప్పేదాకా వేలు తీసేవారు కాదు. మధ్యలో గంట కొట్టినా అంతే. బస్సు పోతుందని తెలిసినా మేమూ కదిలేవాళ్లం కాదు. సముద్రం మధ్య దీవిలో ఒక డాక్టరు సైన్సు పేరుతో జంతువులను కోసి, కుట్టి, మనుషుల్లా మార్చాలని చూస్తుంటాడు. ఆ జంతువుల అరుపుల గురించి ఆమె చదువుతుంటే నాకు ఒళ్లు జలదరించేది.

"ఆ డాక్టరు రాక్షసుడా టీచర్?" అని అడిగాను ఒకసారి.

"కాదమ్మా. బాగా చదువుకున్నోడే. అరుపులు చెవిన పడకుండా తలుపేసుకోవడం అలవాటు చేసుకున్నాడు, అంతే."

డిగ్రీ అయ్యాక నాకు హేచరీలో ఉద్యోగం వచ్చింది. గుడ్లు పెట్టకుండా ఆపే పదార్థం తల్లి రొయ్య కంటి కాడలో తయారవుతుంది. అందుకని తొందరగా గుడ్లు రావాలంటే ఒక కన్ను కాడతో సహా తీసేస్తారు. ఆ పని నాది. మొదటిరోజు చూపు పక్కకు తిప్పుకుని తీశాను. నెల తిరిగేసరికి పక్కవాళ్లతో సినిమా కబుర్లు చెబుతూ తీసేదాన్ని.

ఒకరోజు బస్టాపులో టీచరమ్మ కనిపించారు. అప్పటికి రిటైరయ్యారు. ఏం చేస్తున్నావని అడిగితే గర్వంగానే అంతా చెప్పాను. ఆమె నా చేతుల వైపు చూశారు.

"కన్ను తీసేటప్పుడు అది ఏం చేస్తది?"

"తోక కొట్టుకుంటది టీచర్. అరవదు."

"అరవనిదానికి నొప్పి లేదని ఎవరు చెప్పినారు నీకు?"

ఆ మాటలో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగారు. బస్సెక్కి, కిటికీలోంచి మళ్లీ అన్నారు: "కొయ్యకుండా గుడ్లు పెట్టదా? కనుక్కో. చదువుకున్నావు గదా."

మర్నాడు రొయ్యను చేతిలోకి తీసుకుంటే దీవి గుర్తొచ్చింది. తలుపేసుకున్నది నేనే అనిపించింది. కన్ను తీయకుండా గుడ్లు పెట్టించి చూద్దామని ఓనరును అడిగాను. కుదరదన్నాడు. పదిరోజులు అడిగాను.

చివరికి విసిగిపోయి, "ఒక్క ట్యాంకు ఇస్తా, నెలరోజులు. అప్పటికీ గుడ్లు పెట్టకపోతే, మళ్లీ ఈ మాట ఎత్తితే నీకు ఇక్కడ పని ఉండదు," అన్నాడు.

రెండు కళ్లూ ఉన్న తల్లి రొయ్యలను ఆ ట్యాంకులో వేసి, ఆ గదిలో వెలుతురు తగ్గించాను. కిటికీలకు నల్ల పట్టాలు కట్టాను. మేత మార్చాను. నేను తప్ప ఎవరూ లోపలికి రాకుండా చూసుకున్నాను. మొదటి వారం ఏమీ లేదు. రెండోవారమూ అంతే. సంగతి చెప్పినప్పటి నుంచి రోజూ సాయంత్రం టీచరమ్మ ఫోను చేసేవారు.

"ఏమన్నా ఉందా?"

"లేదు టీచర్."

"సరే. రేపు చూద్దాం."

మూడోవారం దాటాక ఒకరోజు తెల్లవారుజామున ట్యాంకు నీళ్లు గాజు గ్లాసుతో ముంచి వెలుతురుకు పట్టాను. సన్నటి రవ్వలాగా గుడ్లు. గ్లాసు పట్టుకునే ఓనరు గదికి పరిగెత్తాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, "పెట్టినాయే," అని మాత్రం అన్నాడు.

ఆ గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు రైతుల చెరువుల్లో నిలదొక్కుకున్నాయి. తర్వాతి పంటకు రైతులు వచ్చి, "ఆ ట్యాంకు పిల్లలే కావాల," అని పట్టుబట్టారు. ఓనరు మా హేచరీలో కన్ను తీయడం పూర్తిగా మానిపించాడు. పక్క హేచరీలవాళ్లు నేర్చుకోవడానికి వచ్చారు. నాకు తెలిసింది చెప్పి, ఎవరు అడిగిన ప్రశ్న వల్ల ఇదంతా జరిగిందో కూడా ప్రతిసారీ చెప్పాను. వాళ్లే ఆరోజు సమాధి దగ్గరికి వచ్చినవాళ్లు.

ఇది బతికుండగానే ఆమె చూశారు. అదే నా సంతోషం. ఒక మధ్యాహ్నం ఆటోలో హేచరీకి వచ్చారు. చెప్పులు బయట విడిచి, చీర కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుని, చీకటిగా ఉన్న ఆ గదిలోకి నా చెయ్యి పట్టుకుని నడిచారు. ట్యాంకు మీదికి వంగారు. నేను టార్చి వేశాను. నీళ్లలో కళ్లు నిప్పురవ్వల్లా ఎర్రగా మెరిశాయి. టీచరమ్మ వేలు చాపి, పుస్తకంలో వాక్యం వెంట పోయినట్టు మెల్లగా ఒక్కో రొయ్య మీదుగా పోనిస్తూ, గొంతు తగ్గించి లెక్కపెట్టసాగారు.

"దీనికి రెండు... దీనికీ రెండు... ఇదో, దీనికీ రెండే."