లక్షా మూడును ఏదీ భాగించదు

మా చిన్నప్పుడు... దంతాలపల్లి బడిలో లెక్కల సారు బోర్డు మీద 1,00,003 అని రాసి, దీన్ని శేషం లేకుండా భాగించే సంఖ్యలు కనుక్కుని రమ్మన్నారు. నేనప్పుడు ఏడో తరగతి.

ఒక్కటీ దొరకలేదు. ఏడుపు మొహంతో సుజాతక్క ముందు నోటుబుక్కు పెట్టాను.

అక్క అప్పటికి బడి మానేసి రెండేళ్లు. అమ్మకు నడుము పడిపోవడంతో పత్తి ఏరడానికి అక్కే పోయేది. చేను నుంచి వచ్చి, పొయ్యి మీద ఎసరు పెట్టి, ఆ పక్కనే కూర్చుని ప్రధాన సంఖ్యలన్నిటితో వరసగా భాగించింది. మూడుతో ఒకటి మిగిలింది. ఏడుతోనూ ఒకటే. పదమూడుతో ఏడు... నాలుగు సాయంత్రాలు పట్టింది.

"దీన్ని ఏదీ భాగించది చెల్లె. ఇది గూడ ప్రధాన సంఖ్యే. గట్లనే రాయి" అంది.

రాశాను. సారు నమ్మలేదు. "చెయ్యకుంటనే వచ్చినవా?" అని బయట నిలబెట్టారు.

మర్నాడు చేనుకు పోతూ పోతూ అక్క బడికి వచ్చింది... నడుముకు పత్తి ఒడి కట్టుకునే. తన భాగహారాల కాగితాలు సారు బల్ల మీద పెట్టింది.

సారు అన్నీ చూశారు. "మూడువందల పదమూడు కాడ ఆపినవేంది? ఇంకా మస్తున్నయి గదా?"

"అక్కర లేదు సార్. పెద్ద సంఖ్య భాగిస్తె, దానికి జతగ చిన్నదొకటి ఉండాలె గదా. మూడువందల పదిహేడును దాంతోనే గుణిస్తె లక్షా మూడు దాటుతది. గంతలోపల చిన్నది దొరకలే... ఇగ అవుతల పెద్దది ఏడికెల్లొస్తది?"

"ఇది నీకెవరు చెప్పిండ్రమ్మా?"

"ఎవలు చెప్పలే సార్. చేస్తాంటె తెలిసింది."

సారు నన్ను లోపలికి పిలిచి, తరగతి అందరి ముందూ తప్పు తనదేనన్నారు.

ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, పిల్లను బడికి పంపమని బాపును బతిమాలారు. బాపు తల వంచుకుని, "పత్తి ఒడవనీయుండ్రి సార్... సూద్దాం" అన్నాడు.

పత్తి అయిపోయింది. మిర్చి వచ్చింది. మళ్లీ పత్తి... అక్క ఇక బడికి పోలేదు. ఎవరినీ ఒక్క మాట అనలేదు.

ఇంటిపని, చేనుపని ఆమె మోయబట్టే నేను డిగ్రీ దాకా చదివాను. ఆ మాట అక్కతో ఇంతవరకూ అనలేకపోయాను.

ఇప్పుడు ఏ సంఖ్య అడిగినా ఫోన్ రెప్పపాటులో చెప్పేస్తోంది. మన ఊళ్ల ఆడపిల్లలు కాలేజీ బస్సులెక్కి పోతున్నారు... చూస్తుంటే సంతోషంగానే ఉంటుంది, అక్క గుర్తొస్తుంది కూడా.

మీ ఇంట్లోనూ మీకు లెక్కలు చేసిపెట్టి, తాము మాత్రం బడికి దూరమైనవాళ్లు ఉంటే... వాళ్ల పేరు ఇక్కడ రాయండి. ఏ హాజరు పట్టీలోనూ లేని పేర్లు అవి.