పేరు లేని పిల్ల

“మా పాప పొద్దున్నే ఒక రసం మామిడిపండు తింది, భ్రమరా. అలాంటి పండే తిన్న పిల్ల సాయంత్రానికి చనిపోయిందట, చూడు.”

భ్రమరాంబ మా పక్కింటి మామిడితోట రైతు కూతురు. బెజవాడలో జర్నలిజం చదువుతూ వేసవి సెలవులకు ఆగిరిపల్లి వచ్చింది. జడలో పెన్ను గుచ్చుకుంటుంది. ఏ కాగితమిచ్చినా ముందు వెనక్కి తిప్పి చూస్తుంది. నేనిచ్చిన జెరాక్స్ కాగితాన్నీ అలాగే తిప్పింది. కార్బైడ్‌తో మగ్గబెట్టిన మామిడి తిని ముసునూరులో ఒక పిల్ల చనిపోయిందనీ, చదివినవాళ్లు ఇరవై కాపీలు పంచకపోతే పాపమనీ అందులో ఉంది. కెమిస్ట్రీ చదివినదాన్నే అయినా, పావుగంటకోసారి పాప నుదురు తాకి చూస్తూనే ఉన్నాను. కాపీలు తీయించడానికి బయల్దేరాను కూడా.

“ఇదంతా అబద్ధం అక్కా,” అంది.

“మీ నాన్న కాయ అమ్ముడుపోవాలిగా మరి,” అన్నాను.

ఆమె నొచ్చుకోలేదు. “అయితే నా మాట నమ్మకు,” అంటూ పుస్తకంలోంచి మరో రెండు కాగితాలు తీసింది. మూడింటిలోనూ అదే చేతిరాత, అదే సిరా మరక. ఊరి పేరు మాత్రం ఒకదాంట్లో కొట్టేసి బాపులపాడు అనీ, ఇంకోదాంట్లో ఆగిరిపల్లి అనీ రాశారు.

“ఆగిరిపల్లి మన ఊరేగా అక్కా. ఎవరి పిల్ల పోయింది?”

నేను మూడు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూశాను.

“నోటిమాటైతే నాలుగూళ్లు తిరిగేసరికి అలిసిపోయేది. ఈ జెరాక్స్ మిషన్ అలిసిపోదు. ఇలాంటిది ఇంటికొకటి వస్తే ఏమైపోతామో. పంచేముందు, చనిపోయిన పిల్ల పేరేంటని అడుగు.”

ఇప్పుడు ఎవరు ఏ కాగితం తెచ్చినా, పాపను ఒళ్లోకి లాక్కుని ముందు ఆ పేరే అడుగుతున్నాను.